వాలిన భుజం

ల్యాబ్‌లో ఆమెను అందరూ అక్కా అనే పిలుస్తారు. వెంట్రుక కన్నా సన్నటి గాజు గొట్టం మొనను కణం మీద ఆనించి, అది అతుక్కునేదాకా ఊపిరి బిగబట్టి కూర్చుంటుంది. ఎడమ భుజం వాలి ఉంటుంది. మొగుడు విరిచిన ఎముక సరిగ్గా అతకలేదు. ఎవరైనా కదిలిస్తే "అలవాటైపోయిందిలే" అంటుంది. ఆ రోజు, ల్యాబ్‌లో కణాలు పెంచే, తను వరస కలిపి వదినా అని పిలుచుకునే ఆవిడకు తెర చూపించింది. "మెదడు కణాల మీద సంకేతం అందుకునే ఈ రిసెప్టర్‌కి, వీపులు ఆనించుకున్న జంట ఆల్చిప్పలుంటాయి వదినా. సంకేతం మోసుకొచ్చే గ్లుటమేట్ పడగానే నోరు మూసి పట్టుకుంటాయి. ఆ లాగుడుకి కింద తలుపు తెరుచుకుంటుంది. రెప్పపాటులో వీపులు విడిపోయి తలుపు మూసుకుపోతుంది. గ్లుటమేట్ నోట్లోనే ఉన్నా ఉలుకూ పలుకూ ఉండదు. ఇందులో వీపుల దగ్గర ఒక్క అమైనో ఆమ్లం మార్చాను. ఇక విడిపోవు, తలుపు మూసుకోదు."

అంతలో మొగుడు తలుపు తోసుకొచ్చాడు. "ఫోనెందుకు ఎత్తవే?" అంటూ చెంప పగలగొట్టాడు. పెదవి చిట్లి రక్తం బల్ల మీద పడింది. గొట్టాన్ని కదిపే మర మీద ఆమె వేళ్లు వణకలేదు, చూపు తెర మీదే ఉంది. అతను మళ్లీ చెయ్యెత్తేసరికి, వదిన ఇనప స్టూలెత్తి అతని మోచేతి మీద వేసింది. ఎముక విరిగిన చప్పుడు గదంతా వినిపించింది. అతను నేల మీద పడి పెడబొబ్బలు పెడుతున్నాడు. ఆమె అప్పుడు తల తిప్పింది. మొగుడి వంక కాదు, ఎత్తిన స్టూలు ఇంకా దించని వదిన వంక.

"నిన్ను కొట్టలేదు కదా వదినా," అంది, నిజంగానే తెలుసుకోవాలని. "ఒక్క దెబ్బకే నీకంత కోపం ఎలా వచ్చింది?"