బీరువాలోని రెండో కార్డు

ఇరవై ఏళ్లకు పైగా ఒక మాట నా లోపల బరువుగా పడి ఉంది. ఎవరికీ చెప్పలేదు. మా ఇంటావిడకు కూడా. మీరు నన్ను ఎరగరు, నేను మిమ్మల్ని ఎరగను, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. అయినా రాస్తూ రాస్తూ రెండుసార్లు లేచి తలుపు గడియ చూసుకున్నాను. నా బుద్ధి అలా తయారైంది.

మొన్న మా అమ్మాయి ఫోన్‌లో సినిమా చూస్తూ, తెర మీది ఒక బొమ్మను ఫోటోగా దాచుకోబోయింది. తెరంతా నల్లగా వచ్చింది. "దీనికి తాళం వేసిండ్రు నాన్నా" అంది. తాళాల సంగతి నాకు తెలియనిదా?

అప్పట్లో నేను బోధన్‌లో ఒక కేబుల్ టీవీ ఆఫీసులో చేసేవాణ్ణి. యజమాని శీనన్న. డిష్‌లకు వచ్చిన చానళ్లను డబ్బాల గుండా ఊరికి పంపడం నా పని. స్తంభాలెక్కి వైర్లు లాగేది దేవదానం అన్న. డబ్బు కట్టి తీసుకునే చానళ్లు గీతలు గీతలుగా వచ్చేవి. డబ్బాలో చానల్ కంపెనీవాళ్ల కార్డు పెడితేనే బొమ్మ కుదిరేది. ఆ కార్డు బోధన్‌కే, పక్క ఊరికి వాడకూడదు. ఎవరైనా దొంగతనంగా వాడతారని కంపెనీవాళ్లకు మా అందరి మీదా అనుమానమే. అందుకే ఉన్నట్టుండి ఆ కార్డు నంబరును తెర మీద రెండు క్షణాలు వేసేవాళ్లు. ఎక్కడ ఏ నంబరు కనిపించిందో చూస్తే దొంగ దొరికిపోతాడు.

క్రికెట్ చానల్‌కు మా దగ్గర రెండు కార్డులుండేవి. ఒకటి డబ్బాలో, ఇంకొకటి అత్యవసరానికి బీరువాలో. బీరువా తాళంచెవులు రెండు. ఒకటి నా దగ్గర, ఒకటి దేవదానం అన్న దగ్గర.

మా బావ ఎడపల్లిలో చిన్న కేబుల్ నడిపేవాడు. అతను నాకు బావ అని ఆఫీసులో దేవదానం అన్నకు తప్ప ఎవరికీ తెలియదు. క్రికెట్ రాకపోతే జనం కనెక్షన్లు పీకేస్తున్నారని మా అక్క వచ్చి ఏడ్చింది. బావ దగ్గర పాత డబ్బా ఒకటి ఉంది. బీరువాలోని కార్డు తీసుకెళ్లి ఇచ్చాను. నంబరు ఎక్కువగా తెర అడుగున పడుతుంది కాబట్టి అక్కడ ఏదైనా అక్షరాల పట్టీ నడిపించమని కూడా నేనే చెప్పాను. తెలివి అంతా నాదే.

పట్టీ మీద ఏం వేయాలి? ఆ రోజుల్లో కేబుల్లో పిల్లల పుట్టినరోజులకు శుభాకాంక్షలు వేయించుకోవడం మోజు. మా మేనకోడలి మొదటి పుట్టినరోజు ఆ వారమే. "మా స్వాతి పాపకు పుట్టినరోజు శుభాకాంక్షలు" అని బావ రోజంతా తిప్పాడు. ఆ పాపకు కేకు నిజామాబాద్ నుంచి తెచ్చింది నేనూ దేవదానం అన్నా. బండి అతనిది. కేకు పెట్టె నా ఒళ్లో. అతను పాప తల మీద చెయ్యి పెట్టి చిన్న ప్రార్థన కూడా చేశాడు.

మ్యాచ్‌లు అయిపోయాక కార్డు తెచ్చి బీరువాలో పెట్టేశాను. నాలుగు రోజులకు కంపెనీ మనిషి ఒక ఫోటో పట్టుకొచ్చాడు. ఎడపల్లిలో ఎవరింట్లోనో టీవీకి తీసిన ఫోటో. కార్డు ఎవరిచ్చారో బావ చెప్పలేదట. ఆ రోజు నంబరు అడుగున పడలేదు, తెర నడిమధ్యన పడింది. దొంగ ఎవరో తేల్చకపోతే బోధన్‌కు కూడా చానల్ ఆపేస్తామని చెప్పి బయట కూర్చున్నాడు.

శీనన్న మా ఇద్దర్నీ పిలిచాడు.

"తాళంచెవులు రెండే. ఎవరు తీసిండ్రు?"

"నాకేం ఎర్క అన్నా" అన్నాను. అక్కడ ఆగి ఉంటే ఎంత బాగుండేది. ఆగలేదు. "దేవదానం అన్న ఐతారం ఐతారం ఎడపల్లి చర్చికి పోతడు గద."

"పోతవా?" అన్నాడు శీనన్న అతనితో.

"పోత. గని కార్డు నేను తియ్యలే."

"మరి గీ నంబరేంది, సూడు."

దేవదానం అన్న ఫోటో అందుకున్నాడు. శీనన్న నంబరే చూశాడు. ఇతను నంబరు చూశాడు, ఆ కింద పట్టీ చూశాడు, తర్వాత నన్ను చూశాడు. ఫోటో బల్ల మీద పెట్టాడు. జేబులోంచి తాళంచెవి తీసి దాని పక్కన పెట్టాడు. గడప దాటుతూ నా దగ్గర ఆగి, మామూలు గొంతుతో అడిగాడు.

"పాపకు కేకు నచ్చిందా తమ్మీ?"

అంతే. వెళ్లిపోయాడు.

ఆ ప్రశ్నను ఇన్నేళ్లుగా తిప్పి తిప్పి చూస్తున్నాను. తెలిసిపోయిందని నాకు చెప్పడమా? మా అక్క సంసారం బజారున పడకూడదని ఊరుకోవడమా? లేక ఎప్పటికైనా బయటపెడతానని బెదిరించడమా? కొన్నాళ్లు అదే నిజమనుకున్నాను. ఫోన్ మోగితే అతనేనేమో అనుకునేవాణ్ణి. శీనన్న నవ్వుతూ పలకరిస్తే, తెలిసిపోయి నవ్వుతున్నాడేమో అనుకునేవాణ్ణి. అన్యాయం జరిగింది అతనికి, అనుమానం మాత్రం నాకు అతని మీద. చూడండి ఎంత సిగ్గులేనివాణ్ణో. ఒక్కోసారి అతని మీద కోపం కూడా వచ్చేది. ఆ రోజే నా పేరు చెప్పేసి ఉంటే నా పీడ వదిలిపోయేది కదా అని.

కార్డు దొంగ అని పేరు పడ్డాక బోధన్‌లో గానీ నిజామాబాద్‌లో గానీ ఏ కేబులాయనా అతన్ని పనిలో పెట్టుకోలేదు. స్తంభాలెక్కినవాడు చెరుకు కొట్టడానికి పోయాడు, తర్వాత సున్నాలు వేశాడు. ఎడపల్లి చర్చికి పోవడం మానేశాడు. అక్కడ పాటలకు డోలక్ వాయించేది అతనే. పోతే నా మాటకు సాక్ష్యం తనే ఇచ్చినట్టవుతుంది కదా. ఆ సంగతి విన్నరోజు నేను అన్నం తినలేదు. మర్నాడు తిన్నాను.

నేను చెప్పినదాంట్లో అబద్ధం ఒక్కటే, నాకు ఎరుక లేదన్నది. చర్చి సంగతి నిజమే. ఆ నిజంతోనే అతన్ని ముంచాను.

ఆమధ్య నిజామాబాద్ బస్టాండులో కనిపించాడు. జుట్టు తెల్లబడింది. "మంచిగున్నవా తమ్మీ" అన్నాడు. పాప గురించి అడుగుతాడేమోనని, నాది కాని బస్సెక్కి కూర్చున్నాను. ఆర్మూర్ దాకా పోయి తిరిగొచ్చాను.

అతనికి చెప్పే ధైర్యం ఇప్పటికీ లేదు. ఇది రాసినంత మాత్రాన నన్ను క్షమించమని అడగడం లేదు. మీకు ఆ హక్కూ లేదు. కానీ శీనన్న ఆ రోజు ఒక ప్రశ్న అడిగాడు. దానికి నేను ఇవ్వాల్సిన జవాబు మూడే మాటలు. అవి నా చేత్తో రాసి చూసుకోవడం ఇదే మొదటిసారి.

కార్డు తీసింది నేను.