ఊరవేసిన గిటారు

ఉప్పెనల్లో పడవలు మునగడం మా ఉద్దానం తీరంలో అందరూ చూసిందే. కాని నట్టింట్లో, పెంకుల కప్పు కింద, మూత బిగించిన పెట్టెలో, మీద ఒక్క చినుకు పడనివ్వకుండా ఒక సంగీత వాద్యాన్ని నీట ముంచిన ఘనుణ్ణి నేనొక్కణ్ణే. అదీ తెలివితక్కువతనంతో కాదు, శాస్త్రీయ దృక్పథంతో! ఆ దెబ్బకు నా పెళ్లి కూడా దాదాపు మునిగింది. ఎలా మునిగిందో చెబుతాను. మొహమాటపడకుండా నవ్వండి. ఊళ్లో అందరూ నవ్వేశారు, మీ వంతే మిగిలింది.

అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. మా ఊరు పూండి రైలుస్టేషనుకు నాలుగు మైళ్లు, సముద్రానికి రెండు మైళ్లు. ఆదివారం వచ్చిందంటే టెక్కలి వెళ్లి, మిత్రులం నడుపుకునే పఠన మందిరంలో వాదోపవాదాలు చేసేవాణ్ణి. దయ్యాలు లేవని గెలిచాను. బల్లి పడితే ఫలితం లేదని గెలిచాను. బాల్యవివాహాల మీద మూడు గంటలు మాట్లాడి, ఎదుటి పక్షం నిద్రపోగా గెలిచాను. గెలవడం అలవాటైన వాడికి వినడం అలవాటు తప్పుతుంది. ఇంట్లో అన్నం పెట్టమని అడగాల్సి వచ్చినా "అధ్యక్షా" అని మొదలుపెట్టే దశలో ఉన్నాను.

మా అక్క భర్త అప్పన్న బావ రంగూనులో బియ్యం మిల్లు గుమాస్తా. ఒక వేసవిలో బారువ రేవులో ఓడ దిగి, గుడ్డలో చుట్టిన వస్తువును పసిబిడ్డలా ఎత్తుకుని వచ్చాడు. ఎవరో నావికుడి దగ్గర కొన్న గిటారు. నడుము సన్నగా, పొట్ట గుండ్రంగా, పొట్టలో ఒక కంత, కంతమీదుగా ఆరు తంతులు. ఊరంతా చూడవచ్చింది. "సొరకాయకి సన్నాయి తగిలించీసినారేటి?" అన్నారు ఒకరు. తంతులు గొర్రె పేగువని తెలిసి మా అమ్మ దేవుడి గది తలుపు మూసింది. కాని బావ అరుగుమీద కూర్చుని వాయించగానే, మూసిన తలుపు జానెడు తెరుచుకుంది.

బావకు ఒక చెల్లెలు, దమయంతి. పద్దెనిమిదేళ్లు నిండాయి. అన్న దగ్గర చదువు నేర్చింది. పఠన మందిరం నుంచి నేను తెచ్చిచ్చిన పుస్తకాలు చదివి, నా ఉపన్యాసాల్లో తప్పులు ఏరి తిరిగి ఇచ్చేది. ఆమెనే పెళ్లాడాలని నా పట్టు. ఆమె మనసేమిటో నాకు తెలియదు. అడగడానికి మాత్రం ఉపన్యాసం రాసిపెట్టుకున్నాను.

ఆషాఢంలో బావ తిరుగు ప్రయాణం కట్టాడు.

"బావా, దీన్ని నీ కాడ ఎట్టి ఎల్తాను," అన్నాడు. "రంగూను వానలు మన వానలకి తాతలు. మా ఇల్లు సూత్తే తాటాకిల్లు, నీది పెంకుటిల్లు. ఈ పలకలన్నీ జిగురుతో అతికినవి. తడిగాలి పట్టిందంటే జిగురు జారిపోద్ది, కర్ర ఉబ్బిపోద్ది. కార్తీకం దాకా సూసుకో."

"నిశ్చింతగా వెళ్లు బావా. మరి నేను అడిగిన సంగతి?"

"ఏ సంగతి?"

"అదే... దమయంతి సంగతి."

బావ పెద్దగా నవ్వాడు. "నాలుగు నెల్లు ఈ కర్రముక్కని సూసుకో ముందు. నాను వచ్చేసరికి ఇది సల్లగుంటే మా సెల్లిని నీకు ఇచ్చీడానికి నాకేటి అడ్డు? కర్రనే సూసుకోనేనోడు మనిసినేటి సూసుకుంటాడు!"

తలుపు చాటునుంచి దమయంతి అందుకుంది: "అన్నా, కర్రకి నోరుండదు, ఏటి సేసినా పడుంటాది. నాకు నోరుంది. ఆ ముక్క కూడా సెప్పీసి ఎల్లు."

ఇక చూడండి నా ఉత్సాహం! గిటారును కాపాడితే పెళ్లి. విల్లు విరిచినవాడికి పెళ్లి అయోధ్యలో అయిందో మిథిలలో అయిందో పురాణ పక్షం వారు తేల్చుకుంటారు. నాకు మాత్రం విరవకుండా ఉంటే పెళ్లి. ఎంత సులువు!

బావ వెళ్లిన మర్నాడే వాళ్లమ్మ మంగమ్మ అత్త మా ఇంటికి వచ్చింది. కొంగులో ఒక మూట.

"బాబూ, దాన్ని వంటింట్లో ఉట్టి కట్టి యేలాడదియ్యి. పొయ్యి మీద కాదు సుమా, పక్కన. ఎచ్చగాలి తగలాలి గానీ సెగ తగలకూడదు. మా ఇత్తనాలు, సింతపండు, అన్నీ అలగే ఉంటాయి, బూజన్న మాటే నేదు. ఇదిగో, ఈ మూటలో యేపిన బియ్యం ఉన్నాయి. దాని పొట్టలో ఎట్టు. మెత్తబడితే మళ్లీ యేపీ."

ఇంతవరకు బాగానే ఉంది. అక్కడితో ఆగి ఉంటే నేనూ బాగుపడేవాణ్ణి. కాని అత్త మూట విప్పి మరో రెండు వస్తువులు తీసింది.

"ఈ నిమ్మకాయా, నాలుగు ఎండు మిరపకాయలూ దాని మెడకి కట్టు. ఊరందరి కళ్లూ దీనిమీదే ఉన్నాయి, దిట్టి తగిలీద్ది."

నిమ్మకాయ కనబడగానే నాలో సభ మొదలైంది.

"అత్తా! గాలిలోని తేమ నిమ్మకాయను చూసి జడుసుకుంటుందా?"

"తడేటి జడుత్తాది బాబూ! నిమ్మకాయ దిట్టికి. తడికి యేపిన బియ్యం."

"రెండూ ఒకే మూటలో తెచ్చావు. అంచేత రెండూ మూఢత్వమే!"

"మూట ఒకటైతే సరుకొకటేటి?" అంది అత్త.

పాఠక మహాశయులారా, పదేళ్లు వాదోపవాదాల్లో తిరిగాను. ఇంతకంటె పదునైన ఖండన నేను వినలేదు. కాని ఆనాడు దాన్ని గుర్తించే బుర్ర నాకు లేదు. నిమ్మకాయతోపాటు బియ్యాన్నీ, వంటింటి ఉట్టినీ, అత్తనూ ఒక్క నమస్కారంతో గడప దాటించాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్నవాడు నాకంటె నయం; నేను నాలుగో కాలు చూపించినవాళ్లను మూఢులన్నాను.

సరే, అత్త ఉపాయం కాదన్నాను. మరి నా ఉపాయం? మూడు రోజులు బుర్ర చించుకున్నాను. నాలుగోనాడు వంటింట్లో ఉప్పుజాడీలో చెయ్యి పెడితే ఉప్పు చెమ్మగా తగిలింది.

"అమ్మా, ఉప్పు ఇలా తడిసిందేం?"

"వానాకాలం కాదేటిరా! గాల్లో తడంతా తాగీసింది."

నా చేతిలో ఉప్పు, నా కళ్లలో మెరుపు! ఉప్పు తడిని తాగుతుంది. గిటారుకు తడి శత్రువు. కనుక గిటారు పొట్టనిండా ఉప్పు ఉంటే శత్రువును ఉప్పే తాగేస్తుంది! మంత్రం లేదు, నిమ్మకాయ లేదు, శుద్ధమైన తర్కం. పైగా నౌపడా ఉప్పు మన పక్క ఊరి సరుకు, ఇక్కడ ఉప్పుకు కొదవేమిటి?

అమ్మ పొయ్యి ఊదుతూ ఒక ప్రశ్న వేసింది. "తాగిన నీళ్లు ఎక్కడికెల్తాయిరా?"

"అది ప్రస్తుత చర్చకు సంబంధించని ప్రశ్న," అన్నాను.

ఆ ఒక్క ప్రశ్నే ప్రస్తుత చర్చ. మిగతాదంతా నా వాగుడు.

వడ్రంగి చేత టేకు పెట్టె చేయించాను. ఉప్పు సన్నటి సంచుల్లో పోసి, కంతలోంచి గిటారు పొట్టలోకి కూరాను. చుట్టూ మరికొన్ని సంచులు పేర్చాను. మూత సందుల్లో మైనం కరిగించి పోశాను. గాలి దూరదు, చీమ దూరదు, మాట వినే గుణం నాకు మొదటే లేదు కనుక సలహా కూడా దూరదు.

శ్రావణంలో ఒకనాడు దమయంతి పుస్తకం ఇవ్వడానికి వచ్చి, పెట్టె తెరవమంది. గర్వంగా తెరిచాను. ఆమె పలకమీద వేలితో తట్టి చెవి దగ్గర పెట్టింది.

"బావా, దీని గొంతు బొంగురుపోనాది."

"తేమ చివరి పోరాటం చేస్తోంది. ఓడిపోతున్నవాడే పెద్దగా అరుస్తాడు."

"అరవడం నేదు బావా. మూలుగుతన్నాది. సంచులు సూడు, సెమటలు కక్కుతన్నాయి."

"అదే ఉప్పు పనిచేస్తోందనడానికి రుజువు!"

"మరి సాలదేటి?"

"చాలకపోతే ఇంకా వేస్తాను," అని ఆమె ఎదుటే మరో రెండు సంచులు దట్టించాను. దమయంతి నన్ను చూసిన చూపును అప్పుడు మెచ్చుకోలు అనుకున్నాను. తరవాత చాలా ఏళ్లు అదే చూపును దగ్గరగా చూసి, అదేమిటో తెలుసుకున్నాను.

భాద్రపదంలో గాలివాన వారం రోజులు కొట్టింది. రోజూ మూత తీసి ఇంకొంత ఉప్పు, మళ్లీ ఇంకొంత మైనం! ఆ తరవాత తెరవడం కూడా మానేశాను. ప్రయోగానికి ఓర్పు కావాలి కదా.

కార్తీకంలో బావ ఓడ దిగాడు. నేను ఊరుకుంటానా? మా ఇంటి ముంగిట పందిరి వేయించి ఏకంగా సభ పెట్టాను. టెక్కలి మిత్రులు వచ్చారు. ఊరు వచ్చింది. బావ, అత్త, దమయంతి ముందు చాపమీద కూర్చున్నారు. "మూఢత్వంపై హేతువు విజయం" అని నేను గంటసేపు దంచాను. నిమ్మకాయను ఎనిమిదిసార్లు తిట్టాను. పెట్టె పందిరి మధ్యన శాంతంగా ఉంది. కింద మట్టి మాత్రం కొంచెం నల్లబడుతోంది. ఎవరో చెంబు దొర్లించారనుకున్నాను.

"ఇంక ఆపీ బావా, నా గిటారు నాకు సూపీ," అన్నాడు బావ.

మైనం గీకి మూత లేపాను. లోపలినుంచి ఒక వాసన వచ్చింది. జాలరిపేటలో ఉప్పుచేపల పాక తలుపు తెరిస్తే వచ్చే వాసన, దానికి బూజు తోడు. ముందు వరస వెనక వరస అయింది.

బావ వంగి, ప్రేమగా గిటారు మెడ పట్టుకుని పైకెత్తాడు. మెడ వచ్చింది. పొట్ట రాలేదు.

అప్పటికీ నేను నోరు మూయలేదు. "కంగారుపడకు బావా, సులువుగా మోసుకెళ్లడానికి..."

బావ మెడను పక్కన పెట్టి, రెండు చేతులతో పొట్టను ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాడు. కంతలోంచి ఉప్పునీళ్లు గడగడమని పంచెమీద కారాయి. అడుగుపలక పచ్చి అప్పడంలా ఊడి జారింది. పక్కపలక విచ్చుకుని వంకర తిరిగింది. పేగు తంతులు నానిన సేమ్యాలా వేలాడాయి. ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగాలంటారు. నేను ఉప్పు తినిపించిన గిటారు నాలుగు నెలల వానాకాలాన్ని మొత్తం తాగి కూర్చుంది.

మంగమ్మ అత్త నిదానంగా అంది:

"ఉప్పుసేపని కూడా ఊరేసినాక ఎండలో ఎడతారు నాయినా. పెట్టిలో ఎట్టి మైనం ఎయ్యరు."

అంతే. పందిరి కూలిందా అన్నట్టు నవ్వు! టెక్కలి మిత్రులు ఒకరిమీద ఒకరు పడ్డారు. "రెండు మావిడికాయలు ఎయ్యండర్రా, ఏడాదికి సరిపోద్ది!" అని ఒకాయన. "ఇది వాయించాలా, అన్నంలో నంజుకోవాలా?" అని ఇంకొకాయన. బావ తడిపంచెతో నన్నే చూస్తున్నాడు. నా కాళ్ల కింద నేల మెత్తబడింది. ఉప్పునీటివల్ల కాదు. నాలుగు నెలల నాటి మాట జ్ఞాపకం వచ్చింది. కర్రను చూసుకోలేనివాడు మనిషినేమి చూసుకుంటాడు?

"మాట నాదే," అన్నాడు బావ చివరికి, "మనువు దానిది. ఆడపిల్ల ఇట్టం అడగాలని ఊరూరా సెప్పింది నువ్వే కాదేటి? దాన్నే అడుగుతాను. ఏమే, ఏటంతావు?"

దమయంతి లేచి పెట్టె దగ్గరకు వచ్చింది. ఒక సంచి తీసి పిండింది. ధార కట్టింది.

"బావా, ఇంత ఉప్పు ఏల ఏసినావు?"

నోరు తెరిచాను. తర్కం కోసం వెతికాను. ఉపమానం కోసం వెతికాను. గొంతులో ఒక్క ముక్కే దొరికింది.

"ఉప్పు తాగిన నీళ్లు ఎటెల్తాయో నాకు తెలీనేదు," అన్నాను. అధ్యక్షుడు పారిపోయి, ఉద్దానం కుర్రగుంటడు మిగిలాడు.

దమయంతి అన్నవైపు తిరిగింది. "అన్నా, తెలీనేదన్న మాట ఈడి నోట రావడం పుట్టి బుద్దెరిగినాక ఇదే తొలీత. నాలుగు నెల్లూ గిటారుని నానబెట్టినాడు గానీ, మనిసి కూడా కాస్త నానినాడు. సేసుకుంటాను."

ఈసారి పందిరి నిజంగానే ఒక పక్కకు ఒరిగింది.

గిటారు ముక్కల్ని అత్త తన వంటింటికి పట్టుకుపోయి నెలరోజులు పొయ్యి పక్కన, యేపిన బియ్యం మధ్య ఆరబెట్టింది. పడవలు చేసే వడ్రంగి వాటిని మళ్లీ అతికాడు. పూర్వపు గొంతు రాలేదు. జలుబు చేసిన గొంతుతో పాడేది. దిష్టికి నిమ్మకాయ ఈనాటికీ కట్టనివ్వలేదు; ఆ విషయంలో నేను చెప్పిందే రైటు. బియ్యం విషయంలో అత్త చెప్పింది రైటు. మూట ఒకటైనా సరుకు ఒకటి కాదు.

మా పెళ్లి మంత్రాలు లేకుండా జరిగింది. దండలు మార్చుకుని ఎవరి ప్రమాణం వారు చదవాలని ఏర్పాటు. నేను పదకొండు పుటలు రాసుకెళ్లాను. దమయంతి ఆ కాగితాలు తీసుకుని మడిచి, తన చేత్తో రాసిన చిన్న చీటీ నా చేతిలో పెట్టింది. సభాముఖంగా, గంభీరంగా చదివాను:

"హేతువు సాక్షిగా, పెద్దల సాక్షిగా, విరిగి అతికిన గిటారు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ వస్తువులోను, ఏ కారణం చేతను, ఏ శాస్త్రం పేరు చెప్పి అయినా, నా చేత్తో ఉప్పు వేయను."

ఆ ప్రమాణం చేసి ముప్పై ఏళ్లు దాటింది. ఒక్కనాడూ తప్పలేదు. నిన్న పులుసులో ఉప్పు వేయడం ఆమె మరిచిపోయింది. జాడీ నాకు మూరెడు దూరంలోనే ఉంది. పాఠక మహాశయులారా, ఆ పులుసు అలాగే తాగి లేచాను.