ఎర్ర మచ్చ మీద కొంగు

నాంపల్లి స్టేషన్‌లో బండి కోసం కూర్చుని, ఉపగ్రహం తీసిన చిత్రాన్ని ఒళ్ళో పరుచుకున్నాను. అలాంటి చిత్రాలు చూసి పంటలు ఎంత నీరు తాగాయో లెక్కగట్టడం నా ఉద్యోగం. పచ్చటి పైరు వాటిలో ఎర్రగా కనిపిస్తుంది. పక్కనున్న నడివయసు ఆమె అదేమిటో నన్నడిగి తెలుసుకుని, తమ ఊరి చెరువును ఆనవాలు పట్టి, ఒక ఎర్ర మచ్చ మీద వేలు పెట్టింది.

“గిది మా పొలం సారూ. ఎప్పుడు తీసిన్రు?”

“పోయిన యాసంగి పంటప్పుడు.”

“అటెన్క బోరు ఎండినంక మా ఆయన పురుగుల మందు తాగి పోయిండు. గీ ఫొటో దిగిననాడు గీడనే ఉండె. మనిషి కనవడడా?”

“కనబడడమ్మా. ఇందులో ఒక్క చుక్కంటేనే ఇంటంత జాగా.”

ఆమె కొంగుతో ఆ మచ్చను మెల్లగా తుడిచింది, గోడమీది దండ వేసిన ఫొటోను తుడిచినట్టు.

ఈనాటికీ లెక్క కోసం ఎర్ర మచ్చ మీద పెన్సిలు పెట్టబోతే నా చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది.