తాడు పట్టని చేతులు

అరవదేశపు చిన్నమనూరులో నడివయసు దాటుతున్న మగవాడు ఒక పశువును గుంజకు కట్టలేడంటే పొరుగూరివాళ్ళు నమ్మేవాళ్ళు కాదు. అయ్యాసామి కట్టలేడు. మొదట అది నియమం. ఏళ్ళు గడిచాక చేతకాకపోవడమూ నిజమైంది.

అతని కులంవాళ్ళు, కంబళం నాయకర్లు, దేవుడికి వదిలిన ఆవులను దేవరావులు అంటారు. వాటి మెడలో తాడు వెయ్యరు, పాలు పితకరు, కర్ర ఎత్తరు. గొంతుతో పిలిస్తే వస్తాయి, అంతే. ఆ మందను కాసేవాడు పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఏ పశువుకూ తాడు కట్టి ఉండకూడదు. తండ్రి లేని అయ్యాసామిని మేనమామ కాళియప్పన్ చిన్నప్పుడే మంద దగ్గరకు తీసుకుపోయాడు. సురుళి ఏటి మీద మంచు విడవకముందే మామ ఒక పిలుపు పిలిచేవాడు. ఆ పిలుపు కొండను తాకి తిరిగి వచ్చేలోపు మంచులోంచి కొమ్ములు మొలిచేవి. ఆ పిల్లవాడికి లోకంలో ఇంకే పనీ పనిలా కనిపించలేదు.

కాళియప్పన్ తరువాత మంద అయ్యాసామిదేనని పెద్దలు ఒప్పుకున్నారు. మామ తన కూతురు మూకాయిని కూడా అతనికే ఇచ్చాడు. మంద చేతికొస్తే కులంవాళ్ళు కొలిచే గింజలతో బతుకు గడుస్తుంది. ఇక మిగిలింది ఎదురుచూడటం.

సేద్యపు ఊళ్ళో తాడు ముట్టనివాడు ఏం చేసి బతుకుతాడు? నాగలి దున్నాలంటే ఎద్దులను కాడికి కట్టాలి. బండికీ అంతే, బావి మీద మోటకూ అంతే. అయ్యాసామి ఆడవాళ్ళతో కలిసి కలుపు తీశాడు. కట్టెలు మోశాడు. గట్టు మీద నుంచి కోమలవల్లి అనే ముసలమ్మ ఊరుకునేది కాదు.

"ఏమి అల్లుడా, ఆ చేతులకు పసుపు రాసి పెట్టుకో, మాసిపోతాయి!"

అందరూ నవ్వేవాళ్ళు. అతనూ నవ్వేవాడు. అలా నవ్వడం కూడా ఒక కూలిపనే అయింది.

కంపెనీ పోయి రాణి దొరతనం వచ్చింది. సర్కారు కొండ అడవికి గీత గీసి, లోపల మేపకూడదంది. మంద ఏటేటా సన్నబడింది. నాట్లలో వంగి వంగి మూకాయి నడుము, ఒక చలికాలపు జ్వరం తరువాత మళ్ళీ నిటారు కాలేదు. పొయ్యి రోజు విడిచి రోజు వెలిగేది.

అప్పుడే ఊరి చివర బందెలదొడ్డి లేచింది. పరుల చేలల్లో పడిన పశువులను తోలుకొచ్చి కట్టేసే చోటు. ఊరి లెక్కలు రాసే నారాయణన్ ఒక మధ్యాహ్నం వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"అయ్యాసామీ, దొడ్డిలో వేలకు మనిసి కావాల. పని చేస్తే మాసం మాసం సంబళం. నీకంటే పసరం గుణం తెలిసినోడు ఈ ఊళ్ళో ఎవుడుండాడు?"

"కట్టాల గదా సామీ."

"కట్టకుంటే అది దొడ్డి ఎట్లయితుంది? సుమ్మా, ఊరికే పిలిస్తే వచ్చి నిలబడేదానికి అవేమన్నా మీ దేవరావులా?" నారాయణన్ నవ్వి లేచాడు. "సంతనాటికి సెప్పు. మన ఊరి ఆండియప్ప కూడా ఈ వేల అడుగుతా ఉండాడు."

లోపల మూకాయి అంతా విన్నది.

"ఏమంటావు?" అన్నాడు అయ్యాసామి.

"నేనేమంటాను బావా? పో అంటే నాయన మందను నేనే చెరిపినట్టు. వేండాం, వద్దు అంటే..." ఆమె గోడకు ఆనుకుంది. "నాకు అలుపుగా ఉండాది. అంతే, అంతేదా."

మంద రావాలంటే కాళియప్పన్ పోవాలి. ఆమె తండ్రి పోవాలి. ఇన్నేళ్ళుగా ఆ మాట, ఎవరూ కూర్చోని పీటలా ఇద్దరి మధ్యా పడి ఉంది.

మరునాడు అయ్యాసామి కొండ కిందికి పోయాడు. కాళియప్పన్ కళ్ళకు పొర కమ్మింది. అడుగుల చప్పుడుకు తల తిప్పాడు.

"ఎవురది? నా పాణం పోయిందేమో సూడవచ్చినావా అల్లుడూ?"

ముసలాయన పకపకా నవ్వాడు. అయ్యాసామికి నవ్వు రాలేదు.

"మామా, మందను ఇప్పుడే నాకియ్యి. నీకు కనపడదు. నేను సూసుకుంటాను."

"ఊపిరి ఉండంగా మంద సేతులు మారకూడదురా. అది నేను పెట్టిన కట్టడి కాదు, నేను దాటేదీ కాదు."

"అయితే దొడ్డి వేలకు పోనా?"

ఒక ఆవు వచ్చి ముసలాయన భుజం నాకింది. ఆయన దాని మెడ కింద గోకాడు.

"నన్నడగవద్దు. పో అంటే మందకు దిక్కుండదు. వద్దంటే బిడ్డకు కూడూ సోరూ ఉండదు. నాకుండేది ఒక్క నోరుదా, రెండు మాటలు ఎట్లా సెప్పేది?"

తిరుగుదారిలో ఏదో ఒకటి తేల్చుకోవాలని అయ్యాసామి మెల్లగా నడిచాడు. ఏదీ తేలలేదు. అరటితోటలు దాటాయి, ఎండ దాటింది, ఇల్లు వచ్చింది. పెరట్లో మూకాయి నిండుకుండ ఎత్తలేక, సగం నీళ్ళు పారబోసి తేలిక చేసుకుంటోంది. తెల్లవారుజామున ఏటి నుంచి ఆమె తానే మోసుకొచ్చిన నీళ్ళు.

అతను నిలబడి ఆ నీళ్ళు మట్టిలోకి ఇంకేదాకా చూశాడు.

"తాడు ఎట్లా కట్టేదో సూపించు" అన్నాడు.

ఆమె పక్కింటి నుంచి పలుపు అడిగి తెచ్చి అరుగు స్తంభానికి చుట్టింది.

"పసరం ఇగ్గితే బిగియకూడదు. మనం ఇగ్గితే ఊడాల. ఇట్లా."

అతను కట్టాడు. లాగగానే ముడి జారిపోయింది. మళ్ళీ కట్టాడు. ఈసారి స్తంభంతో పాటు తన వేలూ బిగుసుకుంది. మూకాయి పమిట నోటికి అడ్డం పెట్టుకుంది, కానీ నవ్వు ఆగలేదు.

"మొలతాడు పిల్లోడు కూడా కడతాడు బావా!"

అలా నవ్వుతూనే ఆమె కళ్ళు తుడుచుకుంది. తన వేళ్ళు అతని వేళ్ళ మీద పెట్టి, ముడి మీదుగా మెల్లగా తిప్పింది.

సంత తరువాతి రోజే దొడ్డికి మొదటి పశువు వచ్చింది, ఎవరిదో రాగిచేను మేసిన ఎర్ర పెయ్య. అయ్యాసామి దాని మెడలో తాడు వేసి గుంజకు కట్టాడు. కట్టాక కొంతసేపు ఏదో జరుగుతుందని చూశాడు. ఆకాశం ఉన్నట్టే ఉంది. పెయ్య గడ్డి వెతుక్కుంది. ఒంట్లో ఎక్కడో పెద్ద బరువు దించినట్టూ, దించినచోట నొప్పి మిగిలినట్టూ ఉంది.

కొన్నాళ్ళకు ఒక పొద్దున రాగిసంకటి కుండ తీసుకుని మామ దగ్గరకు పోయాడు. ముళ్ళకంచె బయటే ఆగాడు.

"లోపలికి రావేమి?"

"కట్టినాను మామా."

కాళియప్పన్ కంచె తడుముకుంటూ బయటికి వచ్చి, నేల మీద కూర్చుని సంకటి తిన్నాడు. ఆకలి మీద ఉన్నవాడిలా గబగబా తిన్నాడు. మంద ఇక ఎవరిదని ఆయన చెప్పలేదు, అయ్యాసామి అడగలేదు.

పొద్దెక్కుతోంది.

"దొడ్డిలో పసరాలకు నీళ్ళు పెట్టాల మామా."

"పో" అన్నాడు ముసలాయన, కుండ చేతికి అందిస్తూ. "వేల ఉండేవాడు ఈడ నిలబడకూడదు."

అయ్యాసామి ఖాళీ కుండ భుజాన పెట్టుకుని ఊరి దారి పట్టాడు.