అడవి కంది ఆనవాలు

మా జీపు డ్రైవరన్న చనిపోయాడని వాళ్ళ ఊరు భానూర్ నుంచి ఫోన్ వచ్చేసరికి నేను విత్తనాల గదిలో కవర్ల మీద పేర్లు రాస్తున్నాను. షుగరుతో కాలు పుండుపడిందని తెలుసు. ఇంత తొందరగా పోతాడనుకోలేదు.

పటాన్‌చెరు పరిశోధన క్షేత్రంలో మా ఇద్దరి పని అడవి కంది గింజలు సేకరించడం. గడ్డిని అల్లుకుని పెరిగే సన్నటి తీగ అది. పసుపు పువ్వు పూస్తుంది, ఏటా అదే వేరు నుంచి చిగురిస్తుంది. పురుగును తట్టుకునే గుణం దానిలో ఉంది, దాన్ని పొలం కందిలోకి తేవాలనే మాకు అంత అక్కర. గుంటూరు వైపు నుంచి డిగ్రీ పట్టుకుని వచ్చిన నాకు అది కాళ్ళ దగ్గరున్నా కనబడేది కాదు. అన్న మాత్రం బండి నడుపుతూ నడుపుతూ బ్రేకు వేసేవాడు. "గా గట్టు మీద సూడు మేడం." దిగి చూస్తే ఉండేది! ఎలా కనిపెట్టావంటే, "చిన్నప్పుడు గొర్లు గాసిన. ఆటికి మస్తు ఇష్టం" అని నవ్వేవాడు. మధ్యాహ్నం డబ్బా విప్పితే పచ్చి ఉల్లిగడ్డ ఉండాల్సిందే, లేకపోతే ఆయనకు ముద్ద దిగేది కాదు.

రెండో ఏడు నేనో తప్పు చేశాను. రోడ్డు పక్క ఒక తీగ విరగబూసి ఉంది. కాయలు ముదిరేదాకా ఆగలేక, కుండీలో పెంచుదామని గడ్డపార తీశాను.

"దీని యేరు లోతుకుంటది మేడం, తెగుతది. ఉండనియ్యి" అన్నాడు. వింటేగా! వేరు తెగింది, వారంలో మొక్క ఎండిపోయింది.

ఇక ఆ ఏడాదంతా మా జీపు ఎక్కడా ఆగలేదు. ఏమన్నా కనబడిందా అన్నా అంటే, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా "ఏం లేదు మేడం" అనేవాడు. కనబడుతూనే ఉందని నాకు తెలుసు. పైవాళ్ళకు చెప్పొచ్చు, కానీ ఏమని చెప్పను? చివరికి ఒకరోజు "తప్పు నాదే అన్నా" అన్నాను. ఆయన గేరు మార్చాడు, అంతే.

పదిహేను రోజులకు కిష్టారెడ్డిపేట దగ్గర బండి ఆగింది. "సగం కాయలు తెంపు చెల్లె. సగం దానికి ఇడిచిపెట్టు." ఆయన నన్ను చెల్లె అనడం అదే మొదలు.

అన్న పోయిన పదకొండో రోజు భోజనాలయ్యాక ఆయన భార్య, మా వదిన, నన్ను ఊరి బయట కొత్త లేఅవుట్‌కు తీసుకెళ్ళింది. ఒక ప్లాటు హద్దురాయి దగ్గర ఆగి గడ్డి పక్కకు తీసింది. అడవి కంది.

"దీని ముచ్చట మీ అన్న ఎవ్వరికి చెప్పలే, ఆఫీసుల గూడ. కాలు బాగలేనప్పటి సంది రోజు నన్నే తోలి సూసి రమ్మంటుండె. ఇండ్లు గట్టకముందే చెల్లెకు సూపియ్యి అన్నడు."

నాకు ఏడుపు ఆగలేదు. ఒకదాన్ని చంపిన చేతికే దీన్ని అప్పజెప్పి పోయాడు. కాయలు ఇంకా పచ్చివి. ముదిరేదాకా వారం వారం వస్తానని చెప్పాను.

"మేకలొస్తయి" అంటూ వదిన వంగి, రెండు చేతులతో గడ్డిని దగ్గరికి లాగి తీగ మీద కప్పింది. ఒక్క పువ్వు మాత్రం పసుపుగా బయటికే ఉండిపోయింది.