బ్యాట్ మాత్రమే పట్టిన మా వదిన

పోయిన ఏడాది ఒక ఆదివారం పొద్దున, చర్చికి బయలుదేరుతుంటే అన్నయ్య ఫోన్ చేశాడు. "వదిన వెళ్ళిపోయిందిరా" అన్నాడు. "ఎక్కడికి?" అన్నాను. తెలివితక్కువ ప్రశ్నే. కానీ మా వదిన ఎప్పుడూ ఎక్కడికో అక్కడికి వెళ్తూనే ఉండే మనిషి. నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టినప్పుడు మంచి నర్సు అన్నారు, మంచి తల్లి అన్నారు, ప్రార్థనాపరురాలు అన్నారు. అన్నీ నిజమే. అక్కడ ఎవరూ అనని మాట నేనిక్కడ అంటాను. మా వదిన గొప్ప డిహెచ్.

డిహెచ్ అంటే డెజిగ్నేటెడ్ హిట్టర్. బేస్‌బాల్‌లో బంతి విసిరే పిచర్‌కి బదులుగా బ్యాటింగ్ మాత్రమే చేసే ఆటగాడు. ఫీల్డింగ్‌కి దిగడు. జట్టంతా ఎండలో నిలబడితే తను బెంచీ దగ్గర ఉంటాడు. అందుకే వాళ్ళని సగం ఆటగాళ్ళంటారు చాలామంది. గొప్ప ఆటగాళ్ళ పేర్లుండే హాల్ ఆఫ్ ఫేమ్‌లో వాళ్ళకి చోటెందుకు అని అడుగుతారు. ఆ ప్రశ్న అడిగి మా వదిన ఇంట్లో టీ పూర్తిగా తాగి లేచినవాళ్ళని నేను చూడలేదు.

గుడివాడ దగ్గర పెరిగిన మనిషికి ఈ పిచ్చి ఎలా పట్టిందంటే, ఇక్కడ అమెరికాలో ఉద్యోగం వల్ల. తుంటి విరిగినవాళ్ళు, మోకాళ్ళు మార్పించుకున్నవాళ్ళు ఉండే వార్డులో పనిచేసేది. అక్కడి ముసలివాళ్ళు రోజంతా టీవీలో బేస్‌బాల్ చూస్తారు. మందులిస్తూ, దిండ్లు సర్దుతూ రూల్స్ నేర్చుకుంది. ఆ వార్డులోనే, మంచం మీంచి జారిపోతున్న ఒక పేషెంట్‌ని పట్టుకోబోయి కుడి భుజం పాడుచేసుకుంది. సర్జరీ తర్వాత చెయ్యి తల పైకి లేవలేదు. జడ కూడా కూతురే వేసేది.

మేముండే అరోరాలో మా తెలుగు కుటుంబాలకి ఒక సాఫ్ట్‌బాల్ లీగ్ ఉంది. సాఫ్ట్‌బాల్ అంటే బేస్‌బాల్‌కి తోబుట్టువు. బంతి పెద్దది, పంతాలు మాత్రం అవే. ఆడా మగా కలిసే ఆడతాం. భుజం పోయాక వదిన ఇక చూడ్డానికే వస్తుందనుకున్నాను. ఆమె వచ్చి, "ఏమయ్యా మరిదీ, విసరడానికి చెయ్యి పైకి లేవాలి. కొట్టడానికి నడుము తిరిగితే చాలదూ? మన టీమ్‌కి డిహెచ్‌ని నేనే" అంది. అడగలేదు, చెప్పింది.

కూర్చుని తిని లేచి కొట్టే పని అనుకుంటారు గానీ, మీరొకసారి ప్రయత్నించి చూడండి. ఫీల్డింగ్ చేసేవాడి ఒళ్ళు వేడిగా ఉంటుంది. ఒక బంతి వదిలేస్తే ఇంకొకటి పట్టి పరువు దక్కించుకుంటాడు. డిహెచ్‌కి ఆ వీలు లేదు. చల్లబడిన ఒంటితో లేచి వెళ్ళి, అందరూ చూస్తుండగా కొట్టాలి. కొట్టలేకపోతే మళ్ళీ వంతు వచ్చేదాకా ఆ అవమానాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలి. వదిన అసలు కూర్చునేది కాదు. బెంచీ వెనకాల అటూ ఇటూ నడుస్తూ, అవతలి పిచర్ వేళ్ళకేసి చూస్తూ, అరచేతుల్లోకి ఊదుకుంటూ ఉండేది.

ఒక ఏడాది ఫైనల్ రోజున గాలి కోసేస్తోంది. స్కోరు సమంగా ఉంది, ఇద్దరు మనవాళ్ళు బేసుల మీద ఉన్నారు. వదిన స్వెటర్ విప్పి నా చేతిలో పెట్టి వెళ్ళింది. మొదటి బంతి వదిలేసింది. రెండోదాన్ని ఫీల్డర్లిద్దరి మధ్య నుంచి కంచె దాకా పంపింది. ఇద్దరూ బేసులన్నీ చుట్టి వచ్చి రన్లు తెచ్చారు, కప్పు మాది. ఇలాంటివి ఆమె ఖాతాలో చాలానే ఉన్నాయి.

మా గ్రౌండ్ పక్కన షెడ్ గోడ మీద లీగ్‌లో గొప్పగా ఆడినవాళ్ళ పేర్లతో ఇత్తడి పలకలుంటాయి. అదే మా హాల్ ఆఫ్ ఫేమ్. లీగ్ మీటింగ్‌లో వదిన పేరు నేను ప్రతిపాదించాను. లీగ్ ప్రెసిడెంట్‌గారు వరంగల్ ఆయన, పెద్దమనిషి, వదినవైపు తిరిగి నెమ్మదిగానే అన్నాడు. "చూడు చెల్లె, ఆటంటే రెండు దిక్కుల ఆడాలె గద. ఎండల నిలబడి బంతి ఆపినోనికీ, నీడల ఉన్నోనికీ ఫరక్ ఉండదా?"

ఆయన మా టీమ్ పిచర్. ఆయన పేరు అప్పటికే ఆ గోడ మీద ఉంది.

వదిన చేతిలోని సమోసా ప్లేటు పక్కన పెట్టి లేచి నిలబడింది. "అన్నా, మీరెప్పుడైనా బ్యాట్ పట్టారా? మీ బదులు పట్టింది నేనే కదా. మీరు సగం, నేను సగం. మీ సగానికి ఇత్తడి, నా సగానికి సమోసానా?"

అందరూ నవ్వారు. నవ్వినవాళ్ళ చేతులే ఓటుకి మాత్రం లేవలేదు. ఫీల్డింగ్ చేసినవాళ్ళకే పలక, రూల్ రూలే అన్నారు. ఓదార్పుగా 'స్ఫూర్తి అవార్డు' ఇస్తామంటే వదిన, "జాలి కోసం రాలేదు, బంతి కొట్టడానికొచ్చాను" అని పర్సు తీసుకుని బయటికి నడిచింది. మరుసటి వారం మ్యాచ్‌కి అందరికంటే ముందొచ్చింది. మళ్ళీ ఆ ప్రెసిడెంట్‌గారి బదులే బ్యాటింగ్ చేసింది.

ఆ వేసవిలో మేమంతా నయాగరాకి బయలుదేరితే, దారిలో లేకపోయినా, న్యూయార్క్ రాష్ట్రంలో అసలు హాల్ ఆఫ్ ఫేమ్ ఉన్న చిన్న ఊరికి డ్రైవ్ చేయించింది. ఆట జీవితంలో ఎక్కువ భాగం డిహెచ్‌గానే గడిపిన ఒకాయన కంచు ఫలకం ముందు ఆగింది. "ఈయన్ని ఎన్నేళ్ళు గుమ్మం బయట నిలబెట్టారో తెలుసా?" అంది.

"మొత్తానికి రానిచ్చారుగా వదినా" అన్నాను.

"రానివ్వడమేంటి? ఆయన ఎప్పుడో వచ్చాడు. వీళ్ళే ఆలస్యంగా చూశారు."

ఆ గోడలన్నీ ఆరోజు నేనూ చూశాను. ఆట చివర్లో వచ్చి కాసేపు విసిరి వెళ్ళే పిచర్లకి ఫలకాలున్నాయి. బ్యాటింగ్ అంతంతమాత్రమే అయినా ఫీల్డింగ్‌తో పేరు తెచ్చుకున్నవాళ్ళకీ ఉన్నాయి. వాళ్ళనెవరూ సగం మనుషులనరు. ఒక్క పనినే ప్రాణం పెట్టి చేసినవాళ్ళలో, బ్యాట్ పట్టినవాడికే ఎందుకీ పరీక్ష? ఆపరేషన్ చేసే డాక్టర్‌ని మంచం కూడా సర్దితేనే డాక్టరంటామా? ఈ మాట వదినదే. సర్దేది తనే కాబట్టి అనే హక్కుంది.

కూడిక రోజు ప్రెసిడెంట్‌గారు కళ్ళు తుడుచుకుంటూ అన్నయ్య దగ్గరికొచ్చాడు. "చెల్లె పేరు పెడదాం. ఇప్పుడెవరూ కాదనరు."

అన్నయ్య ఆటల గురించి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. ఆరోజు తలెత్తి, "పోయిందని పెట్టొద్దండి. కొట్టిందని పెట్టండి. రూల్ మార్చి పెడితే సరే, లేకపోతే ఆ గోడ మాకొద్దు" అన్నాడు.

తర్వాతి మీటింగ్‌లో రూల్ మార్చాలని లేచి అడిగింది ప్రెసిడెంట్‌గారే. "ఆమె కొట్టకపోతే నా పేరు ఆ గోడెక్కకపోతుండె" అన్నాడు. గట్టి వాదనే జరిగింది. కొద్ది ఓట్ల తేడాతో నెగ్గింది. ఇకమీద బ్యాట్ మాత్రమే పట్టేవాళ్ళనీ మిగతావాళ్ళలాగే చూస్తారు. పలక మీద 'స్ఫూర్తిప్రదాత' అని వేయిద్దామని ఎవరో అంటే, మా అన్నయ్య కూతురు అడ్డుపడింది. "వద్దు బాబాయ్. అమ్మ డిహెచ్ కదా. అదే పెట్టు, చాలు." అదే పెట్టించాం.

కాదని ఓటేసినవాళ్ళు ఇప్పటికీ నాతో వాదిస్తారు. వాదించనీ. చర్చ తెగలేదంటారు, నా మటుకు నాకు ఎప్పుడో తెగింది.

నేను ఆమెని ఆఖరిసారి చూసింది ఒక పెళ్ళిలో. వాన వెలిసింది. చర్చి పార్కింగ్ లాట్‌లో, జరీ పట్టుచీర కొంగు నడుముకి దోపుకుని, మడిచిన గొడుగు రెండు చేతులా పట్టుకుని, పాదాలు ఎడంగా పెట్టి నిలబడి ఉంది. ఎదురుగా ఎవరూ లేరు. కళ్ళు చిన్నవి చేసి ఎటో చూస్తోంది. ఒక్కసారి నడుము తిప్పింది. గొడుగు అంచు నుంచి నీటిచుక్కలు అంత దూరం ఎగిరిపోయాయి.