కొట్లాడిన కోడలికే పెత్తనం

మా పక్కగది అవ్వ పోయింది. ఆస్పత్రిలో కాదు. ముంబై కామాటిపురాలో, తను కొత్త కోడలిగా అడుగుపెట్టిన ఒంటిగదిలోనే, కిటికీ కింద పరిచిన పరుపు మీద. అవ్వ కోడలే ఊపిరి మిషన్ పెట్టనివ్వక చంపిందని మా చాల్‌లో, ఈ ఒంటిగదుల బిల్డింగులో, కొందరు అంటున్నారు. నేను అవ్వ రాయించిన కాగితానికి సాక్షి సంతకం చేసినవాణ్ణి. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అవ్వది పాలమూరు వైపు. ఇక్కడి బిల్డింగులకు ఇసుక, సిమెంటు తలమీద మోసింది. ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లో పేరుకుంది. చివరికి మెట్లెక్కడమే గండం. మధ్యలో ఆగిపోయి, చెయ్యందించబోయినవాళ్ళ మీద కసురుకునేది. "నేను నిలబడ్డ. పడలే. నువ్వు పో." గ్యాలరీలో కూచుని ఒక చేత్తో బియ్యంలో రాళ్ళేరుతూ, రెండో చేత్తో ఆయాసం పంపు పట్టుకునేది.

అవ్వకూ కోడలికీ ఒక్కరోజు పడలేదు.

"ఇది చారా, చేతులు కడిగిన నీళ్ళా?"

"తాగకు. కింద హోటలుంది, పో."

"పైసలియ్యి, పోత."

ఆ చారే మళ్ళీ పోయించుకుని తాగేది.

అవ్వ భర్త మేస్త్రీ. ఆయన చివరి రోజుల్లో ఆస్పత్రిలో గొంతులో గొట్టం వేసి, పీకేస్తాడని చేతులు మంచానికి కట్టేశారు. విప్పమని అవ్వ ఎంత మొత్తుకున్నా ఎవరూ వినలేదు. ఆయన అట్లాగే పోయాడు. "గోడలు లేపిన చేతులు. కట్టేసి పంపిండ్రు," అంది ఒకసారి.

పోయినేడు అవ్వకు ఆయాసం ముదిరింది. నోట మాట రాని స్థితి వస్తే ఏ వైద్యం చెయ్యాలో, ఏది వద్దో, తన తరఫున ఎవరు చెప్పాలో ముందే రాసిపెట్టుకోవచ్చని డాక్టరమ్మ చెప్పింది. ఇద్దరు సాక్షులు, ఒక నోటరీ చాలన్నది. కొడుకే అనుకున్నాం అందరం. అతనూ ఇస్త్రీ చొక్కా వేసుకునే వచ్చాడు. నోటరీ ముందు అవ్వ గొట్టం, మిషన్ వద్దని రాయించి, తన తరఫున చెప్పడానికి కోడలి పేరు చెప్పింది.

"అమ్మా, నేను సచ్చిన్నా?" అన్నాడు కొడుకు.

"సల్లగ బతుకు బిడ్డా. నేను దగ్గితేనే నీకు ఏడుపొస్తది. ఏడ్చేటోడు ఏదడిగినా సరే అంటడు. ఇదైతే నా ముందల్నే కాదంటది. డాక్టరు ముందల అననీకె దీనికేం భయం?"

కోడలు భగ్గుమంది. "నాకెందుకీ లొల్లి? రేపు అందరు నన్నే తిడ్తరు."

"తిట్టనీ. ఇన్నేండ్లు నేను తిట్టినదానికన్న ఎక్కువ తిడ్తరా?"

ఈ వానలకు అవ్వను ఆస్పత్రిలో వేశారు. తెలివి తప్పింది. డాక్టర్లు కాగితం చదివారు, కూచుని మాట్లాడుకున్నారు, ఊపిరితిత్తులు ఇక కోలుకోవని తేల్చారు. ఏమంటారని కోడలిని అడిగారు.

"మిషన్ ఒక్కపారి పెట్టి సూద్దాం," అని కొడుకు గోడకానుకుని ఏడ్చాడు.

"మషీన్ నకో," అంది కోడలు డాక్టరుతో మరాఠీలో, మిషన్ వద్దని. "ఆయాసం తెలవకుంట మందియ్యండి. ఇంటికి తీస్కపోత."

ధారావి నుంచి వచ్చిన అవ్వ కూతురు కోడలి భుజం పట్టి గుంజింది. "నీ కన్నతల్లైతే ఇట్లనే అంటవా?"

"నా కన్నతల్లి నాకీ పని అప్పజెప్పలే. మీయమ్మ జెప్పింది."

ఇదంతా నేను పక్కనే ఉండి విన్నాను.

ఇంటికొచ్చాక నాతో అంది: "నాకు గూడ మిషన్ పెట్టిద్దామనే ఉండె అన్నా. ఇగ నేనెవరితోని కొట్లాడాలె?"

తన కోరికను చంపుకుని, ఒప్పుకున్న మాట నిలబెట్టిన మనిషిని హంతకురాలు అంటున్నారు. అనేవాళ్ళు నా గడపలోకి రానక్కర్లేదు.

అవ్వ ఇంట్లో కొన్ని రోజులుంది. ఒకసారి కళ్ళు తెరిచి, దుప్పటి తనే లాక్కుని కప్పుకుంది. నిద్రలోనే పోయింది.

మూడోనాడు పిట్టకు పెట్టడానికి పైకప్పు మీదికెక్కాం. అన్నం, మటన్ కూర, ఖారీ బిస్కెట్ విస్తరిలో, ఛాయ్ గ్లాసులో పెట్టాం. కాకి ముడితే పోయినవాళ్ళకు తృప్తి అంటారు. కాకి రాలేదు. "అమ్మ కోపం మీదున్నది. ఎట్ల ముడ్తది?" అంది కూతురు, వదినను చూస్తూ. ఒక్కొక్కరే మెట్లు దిగారు.

కోడలు దిగలేదు. కాకి బదులు పావురాలు దిగాయి. ఆమె కొంగు విదిలిస్తూ వాటి మీదికి ఉరికింది. "మీది గాదు, పోండ్రి!" ఒకవైపు తోలితే ఇంకోవైపు వాలాయి. ఎండ ముదిరింది, రేకులు కాలుతున్నాయి. నేను దిగేటప్పుడు డిష్ యాంటెన్నా మీద ఒక కాకి మెడ వంచి చూస్తోంది. విస్తరి ముందు ఆమె చెప్పుల్లేని కాళ్ళు మార్చి మార్చి నిలబడి, ఇంకా పావురాలను తోలుతూనే ఉంది.